పలాస జీడిపప్పు లెక్కలు పవర్ బీఐలోకి: క్లిక్‌హౌస్ ఓడీబీసీ డ్రైవర్ ఇలా పెట్టుకోండి

పలాస-కాశీబుగ్గలో ఒక జీడిపప్పు వ్యాపారికి రిపోర్టులు చేసి పెడుతుంటాను. కాటా చీటీలన్నీ, అంటే ఏ ఊరి నుంచి 80 కిలోల బస్తాలు ఎన్ని వచ్చాయి, ఆ పిక్కల్లోంచి 210 గ్రేడు పప్పు ఎంత తేలింది, 320 గ్రేడు ఎంత, బద్ద ఎంత అన్నదంతా క్లిక్‌హౌస్ అనే డేటాబేస్‌లో ఉంది. ఆయన చూసేది మాత్రం పవర్ బీఐ అనే మైక్రోసాఫ్ట్ రిపోర్టుల ప్రోగ్రామ్‌లో. మధ్యలో ఈ రెంటినీ కలిపే ఓడీబీసీ డ్రైవర్ సరిగ్గా కుదరక మూడు రోజులు టెన్షన్ పడ్డాను, ఆ మూడు రోజులు మీకు మిగలాలనే ఇదంతా రాస్తున్నా.

ముందు పవర్ బీఐ జోలికి వెళ్లకండి. బ్రౌజర్ తెరిచి సర్వర్ ఐపీ, పక్కన కోలన్, 8123 కొట్టండి. 'ఓకే' అని ఒక్క ముక్క కనిపిస్తే దారి బాగుందన్నట్టే. కనిపించలేదంటే ఫైర్‌వాల్ అయినా అడ్డుపడుతుండాలి, లేదా క్లిక్‌హౌస్ తన మెషీన్ నుంచి వచ్చే పిలుపులకే పలుకుతుండాలి, ఎందుకంటే ఇన్‌స్టాల్ చేసినప్పుడు అది అలాగే ఉంటుంది. క్లిక్‌హౌస్ కాన్ఫిగ్ ఫైల్‌లో లిజన్ హోస్ట్ దగ్గర ఆఫీసు నెట్‌వర్క్‌లో ఆ సర్వర్‌కున్న ఐపీ ఇస్తే చాలు, దయచేసి ఇంటర్నెట్ మొత్తానికి తెరిచి పెట్టకండి. ఇంకొకటి, 9000 పోర్టు ఇచ్చి చాలామంది ఇరుక్కుంటారు. అది క్లిక్‌హౌస్ సొంత క్లయింట్‌కి. ఓడీబీసీ డ్రైవర్ మాట్లాడేది హెచ్‌టీటీపీలో, కాబట్టి 8123, ఎస్‌ఎస్‌ఎల్ (డేటాని గుప్తంగా పంపే పద్ధతి) ఉంటే 8443.

రిపోర్టుల కోసం వేరే యూజర్‌ని తయారు చేసి ఆ డేటాబేస్ మీద సెలెక్ట్ హక్కు ఒక్కటే ఇవ్వండి. ఆ యూజర్‌కి రీడ్‌ఓన్లీ అనే సెట్టింగ్ 1 పెడితే సెట్టింగులు మార్చే వీలు కూడా పోతుంది, అప్పుడు డ్రైవర్ తనకు కావలసిన సెట్టింగ్ పంపగానే సర్వర్ కాదంటుంది. 2 పెట్టండి.

ఇప్పుడు డ్రైవర్. విండోస్‌లో 'ఓడీబీసీ డేటా సోర్సెస్' రెండుంటాయి, 64 బిట్‌ది, 32 బిట్‌ది. పవర్ బీఐ 64 అయితే డ్రైవరూ 64దే వేసి, డీఎస్‌ఎన్ (సర్వర్, డేటాబేస్ వివరాలు ఒక పేరు కింద దాచుకునేది) కూడా 64 కిటికీలోనే చేయాలి. 'ఆర్కిటెక్చర్ మిస్‌మ్యాచ్' అనే ఎర్రర్ వస్తే పాస్‌వర్డ్ మార్చి మార్చి చూడకండి, ఈ 32, 64 తేడాయే కారణం. పాత ఎక్సెల్ 32 బిట్‌ది వాడుతుంటే దానికి విడిగా 32 డ్రైవర్ వేసుకోవాలి.

'యాడ్' నొక్కితే క్లిక్‌హౌస్ పేరుతో రెండు డ్రైవర్లు కనిపిస్తాయి, ఒకటి ఆన్సీ, ఒకటి యూనికోడ్. నేను పైనున్న ఆన్సీ ఎంచుకున్నాను. కనెక్షన్ కుదిరింది, అంకెలన్నీ వచ్చాయి, బస్తాల మొత్తం కూడా సరిపోయింది, ఆ ఆనందంలో లాప్‌టాప్ తీసుకెళ్లి వ్యాపారికి చూపించాను. ఊరు అన్న కాలమ్‌లో మందస, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలు. 'ఏటి బాబూ ఇది, మన ఊళ్లన్నీ ఎటుపోనాయి?' అన్నారాయన. టేబుల్‌లో తెలుగు శుభ్రంగానే ఉంది, ఆన్సీ డ్రైవర్ దాటేటప్పుడే పోయింది. డీఎస్‌ఎన్ తీసేసి యూనికోడ్ డ్రైవర్‌తో మళ్లీ చేస్తే ఊళ్లన్నీ తిరిగొచ్చాయి. టేబుల్‌లో ఒక్క తెలుగు అక్షరం ఉన్నా యూనికోడే తీసుకోండి.

డీఎస్‌ఎన్‌ని 'యూజర్' ట్యాబ్‌లో కాక 'సిస్టమ్' ట్యాబ్‌లో చేయండి. రిపోర్టు రోజూ దానంతటదే రిఫ్రెష్ కావాలంటే గేట్‌వే (ఆన్‌లైన్‌లోని రిపోర్టుకి మన డేటా అందించే ప్రోగ్రామ్) పెడతాం కదా, అది సర్వీస్‌లా వేరే అకౌంట్ కింద నడుస్తుంది, మీ లాగిన్‌లో చేసిన యూజర్ డీఎస్‌ఎన్ దానికి కనబడదు. గేట్‌వే వేరే మెషీన్‌లో ఉంటే అక్కడా డ్రైవర్ వేసి, అక్షరం తేడా లేకుండా అదే పేరుతో డీఎస్‌ఎన్ చేయాలి.

ఇక పవర్ బీఐలో గెట్ డేటా, ఓడీబీసీ, మీ డీఎస్‌ఎన్, యూజర్, పాస్‌వర్డ్, అంతే. అయితే ఈ దారిలో డేటా ఇంపోర్ట్ అవుతుంది, అంటే అడిగిందంతా మీ లాప్‌టాప్‌లోకి దిగుతుంది. టేబుల్ మొత్తం టిక్ చేయకుండా, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద క్వెరీ రాసే చోటు ఉంది, అక్కడ రోజు, ఊరు, గ్రేడు వారీగా కూడికలు సర్వర్‌లోనే చేయించుకుని ఆ ఫలితం తెచ్చుకోండి. క్లిక్‌హౌస్ డేటాని కాలమ్‌ల వారీగా దాస్తుంది కాబట్టి నాలుగు కాలమ్‌లు అడిగితే ఆ నాలుగే చదువుతుంది, అన్నీ అడిగి దాని బలం వృథా చేయకండి.

ఆ క్వెరీలోనే తేదీ సంగతి కూడా తేల్చేయండి. సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక. సీజన్‌లో తెల్లవారుజామున 4కి కాటా వేసిన లారీ ముందు రోజు రాత్రి 10:30 లెక్కలో పడి, రోజువారీ బస్తాలు తేడా కొడతాయి. తేదీ తీసే 'టు డేట్' ఫంక్షన్‌లో రెండో విలువగా 'ఏషియా/కోల్‌కతా' ఇవ్వండి, ఇచ్చాక తెల్లవారుజాము చీటీ ఒకటి చేతిలో పట్టుకుని అది ఏ రోజు కింద పడిందో రిపోర్టులో చూసుకోండి.