కారు పోయాక వచ్చే 1099-సి: అమెరికాలో ఫారం 982 ఎలా దాఖలు చేయాలి

అమెరికాలో కిస్తీలు ఆగితే లోనిచ్చినవాళ్లు కారు పట్టుకుపోతారని అందరికీ తెలుసు. ఆ తర్వాత ఎప్పుడో ఒక జనవరిలో, అప్పు రద్దయిందని తెలిపే ఫారం 1099-సి వస్తుందని మాత్రం చాలామందికి తెలియదు. 'కారూ పోయింది, కట్టిన డబ్బూ పోయింది, మళ్లీ టాక్సా?' అని విసుక్కుని దాన్ని పక్కన పడేస్తే ఇబ్బందే. దాని కాపీ అమెరికా టాక్స్ శాఖ అయిన ఐఆర్‌ఎస్‌కి కూడా వెళ్తుంది.

లోను ఇంకా 18,000 డాలర్లు ఉంది, కారు విలువ 11,000 అనుకుందాం. మిగిలిన 7,000 మీ నెత్తిమీదే ఉంటుంది. వాళ్లు అడుగుతున్నంత కాలం అది అప్పే, దానికి టాక్స్ లేదు. ఇక రాదులే అని వాళ్లు రద్దు చేశారంటే మాత్రం ఆ 7,000 మీ ఆదాయంలో కలుస్తుంది. రద్దయిన మొత్తం 600 డాలర్లు, ఆపైన ఉంటే బ్యాంకు 1099-సి పంపాలి. అంతకంటే తక్కువై ఫారం రాకపోయినా అది ఆదాయమే. సొంత వాడకం కారు మీద వచ్చిన నష్టాన్ని మాత్రం చూపించుకోనివ్వరు. ఈ రూల్ కాస్త అన్యాయంగానే అనిపిస్తుంది.

ఫారం రాగానే 1వ బాక్సులో రద్దయిన తేదీ, 2లో మొత్తం, 7లో కారు విలువ చూడండి. 5వ బాక్సులో టిక్ ఉంటే ఆ అప్పుకి మీరు వ్యక్తిగతంగా బాధ్యులని అర్థం. అంకె తప్పుంటే ముందు లోనిచ్చినవాళ్లకు రాసి, సరిచేసిన ఫారం అడగండి.

ఇప్పుడు అసలు విషయం. అప్పు రద్దు కావడానికి సరిగ్గా ముందు మీ ఆస్తుల కంటే అప్పులే ఎక్కువుంటే, ఆ తేడా మేరకు టాక్స్ ఉండదు. కాకపోతే అడగందే ఇవ్వరు. దాన్ని అడిగే ఫారమే 982. లెక్క వేసుకోవడానికి ఐఆర్‌ఎస్ పబ్లికేషన్ 4681లో వర్క్‌షీట్ ఉంది.

మనవాళ్లు తప్పు చేసేది ఈ వర్క్‌షీట్ దగ్గరే. ఆస్తులంటే అమెరికాలోవే కాదు. ఊళ్లో మీ పేరున్న పొలం, హైదరాబాద్‌లో ప్లాటు, లాకర్లో బంగారం, అప్పులవాళ్లు ముట్టుకోలేని 401(కె) రిటైర్మెంట్ ఖాతా కూడా రాయాలి. అటు అప్పుల్లో ఇండియాలో తీసుకున్న ఎడ్యుకేషన్ లోనూ వేసుకోవచ్చు. ఉదాహరణకి బ్యాంకులో 1,500, 401(కె)లో 9,000, బంగారం 7,000 కలిపి ఆస్తి 17,500. క్రెడిట్ కార్డులు 9,000, ఎడ్యుకేషన్ లోను 6,500, ఈ కారు బాకీ 7,000 కలిపి అప్పు 22,500. తేడా 5,000. అంటే 7,000లో 5,000కి మినహాయింపు, 2,000కి టాక్స్.

ఫారం 982లో 1బి దగ్గర టిక్ పెట్టి, 2వ లైనులో 5,000 రాయాలి. కోర్టులో దివాలా తీసి అప్పు రద్దయినవాళ్లు 1ఎ టిక్ చేయాలి. మిగిలిన 2,000 టాక్స్ రిటర్న్‌కి జతచేసే షెడ్యూల్ 1లో 8సి లైనుకి వెళ్తుంది. 982లో రెండో భాగం కొంచెం తలనొప్పి: షేర్ల నష్టాలు గత ఏడాది నుంచి తెచ్చుకున్నవాళ్లకు, మినహాయింపుకి బదులు వాటిలో కోత పడొచ్చు. అలాంటివి ఉంటే సీపీఏకి (అమెరికాలో లైసెన్సున్న అకౌంటెంట్‌కి) చూపించడమే మంచిది.

ఉద్యోగం పోయి, కారు వదిలేసి ఇండియా వచ్చేసినవాళ్ల ఫారం పాత అపార్ట్‌మెంటు అడ్రసుకే పోతుంది. ఐఆర్‌ఎస్ ఆన్‌లైన్ ఖాతాలోని ట్రాన్‌స్క్రిప్టులో అది కనిపిస్తుంది. కొత్త అడ్రసు తెలపడానికి ఫారం 8822 ఉంది. ఆ ఏడాదికి నాన్ రెసిడెంట్ అయితే 982ని నాన్ రెసిడెంట్ల రిటర్న్ 1040-ఎన్‌ఆర్‌కి జతచేయాలి.

రిటర్న్ వేయడానికి మామూలు గడువు ఏప్రిల్ 15. ఫారం 4868 వేస్తే అక్టోబర్ 15 దాకా టైమ్ దొరుకుతుంది, అయితే కట్టాల్సిన టాక్స్‌కి మాత్రం ఏప్రిలే గడువు. 982 జతచేయకుండా ఇప్పటికే ఫైల్ చేసేసి ఉంటే 1040-ఎక్స్‌తో సవరించుకోవచ్చు. వర్క్‌షీట్ పంపక్కర్లేదు. కానీ రద్దయిన తేదీ నాటి బ్యాంకు స్టేట్‌మెంట్లు, బంగారానికి విలువ కట్టించిన కాగితం దానికి పిన్ చేసి మీ దగ్గరే ఉంచుకోండి.