బేస్‌బాల్ డ్రాఫ్ట్‌లో మధ్య రౌండ్లు: మార్కులు వేసేముందు పద్దులు చూడండి

అమెరికాలోని మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో టీమ్‌లు ఏటా వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు, ఒక్కో ఎంపిక ఒక పిక్. ఇప్పుడు అందులో 20 రౌండ్లు. మొదటి రౌండు గురించి మాట్లాడటానికి టీవీలో బోలెడు మంది ఉంటారు. మూడో రౌండు నుంచి పన్నెండు, పదమూడు దాకా వచ్చే పేర్లకు మాత్రం మర్నాడు ఏదో ఒక గ్రేడు తగిలించి వదిలేస్తారు. నాకు ఆ మధ్య రౌండ్లే ఇష్టం. వృత్తిరీత్యా ఆడిటర్‌ని కదా, టీమ్ మనసులో ఏముందో అక్కడి డబ్బు లెక్కల్లో దొరికినంత బాగా ఇంకెక్కడా దొరకదు. అందుకే కుర్రాడి వీడియో కంటే ముందు అతని బోనస్, అంటే సైన్ చేసినందుకు టీమ్ ఇచ్చే సొమ్ము, చూడమంటాను. పిక్ చేసిన రోజున ఆ అంకె ఉండదు. సైన్ చేసే గడువు ముగిసేదాకా ఆగండి.

లెక్క ఇలా ఉంటుంది. మొదటి పది రౌండ్లలో ప్రతి పిక్‌కూ లీగ్ ఒక ధర కడుతుంది, దాన్ని స్లాట్ అంటారు. ఒక టీమ్ స్లాట్లన్నీ కూడితే వచ్చేదే బోనస్ పూల్. 2012 నుంచి ఉన్న పద్ధతి ఇది. పూల్‌ని 5 శాతం వరకు దాటితే, దాటిన సొమ్ము మీద 75 శాతం పన్ను. 5 శాతం మించితే పన్నుతో పాటు వచ్చే ఏడాది మొదటి రౌండు పిక్ కూడా పోతుంది. పన్ను కట్టడానికి చాలా టీమ్‌లు సిద్ధమే, పిక్ వదులుకోవడానికి ఎవరికీ మనసొప్పదు. పదకొండో రౌండు నుంచి ఇచ్చే బోనస్‌లో మొదటి 1,50,000 డాలర్లు పూల్ లెక్కలోకి రావు, ఆపైన ఇచ్చిందే వస్తుంది. ఇంకో మెలిక: మొదటి పది రౌండ్లలో తీసుకున్నవాడు సైన్ చేయకపోతే అతని స్లాట్ డబ్బు పూల్‌లోంచి ఎగిరిపోతుంది.

ఊరికే ఒక ఉదాహరణ వేసుకుందాం. తొమ్మిదో రౌండులో స్లాట్ 2,00,000 డాలర్లు. టీమ్ కాలేజీ చివరి ఏడాది కుర్రాణ్ణి తీసుకుని 10,000తో సరిపెట్టింది. కాదని వెనక్కి వెళ్లడానికి అతనికి కాలేజీ మిగల్లేదు, బేరమాడే దారి లేదు. 1,90,000 మిగిలింది. పన్నెండో రౌండులో ఒక హైస్కూల్ పిచర్‌కి (బంతి విసిరేవాడికి) 3,40,000 ఇచ్చారు. మినహాయింపు పోగా పూల్‌కి తగిలేది సరిగ్గా 1,90,000. ఇప్పుడు తొమ్మిదో రౌండు పిక్ దండగ అనీ పన్నెండో రౌండు పిక్ అదృష్టం అనీ విడివిడిగా తీర్పు చెబితే అర్థం లేదు. అవి ఒకే ఖాతాలో జమ, ఖర్చు. కలిపి మార్కులు వేయండి.

దీనికి అసలైన పాఠం 2012లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ చేసిన పని. మొత్తం డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌గా కార్లోస్ కొరియాను తీసుకుని 48 లక్షల డాలర్లకు సైన్ చేయించారు. అక్కడ స్లాట్ 72 లక్షలు. మిగిలిన డబ్బుతో 41వ పిక్ లాన్స్ మెకల్లర్స్‌కు 25 లక్షలు, నాలుగో రౌండులో రియో రూయిజ్ అనే హైస్కూల్ థర్డ్ బేస్‌మన్‌కు 18.5 లక్షలు ఇచ్చారు. రూయిజ్ హ్యూస్టన్‌కి ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే 2015 జనవరిలో అట్లాంటాకు వెళ్లిపోయాడు. అతనితో పాటు ఇంకో ఇద్దరు పిచర్లను ఇచ్చి తెచ్చుకున్న ఎవాన్ గాటిస్, 2017లో వరల్డ్ సిరీస్ గెలిచిన ఆస్ట్రోస్ జట్టులో ఉన్నాడు. అన్నట్టు, ఆ గాటిస్ కూడా 2010లో 23వ రౌండు పిక్కే.

మరి రూయిజ్ పిక్ పాసా, ఫెయిలా? మా మరిది అయితే "ఏం పాసు వదినా, మేజర్ లీగ్‌లో నిలదొక్కుకోలేదుగా" అంటాడు. నేను ఒప్పుకోను. పిక్ అంటే ఆటగాడే కాదు, అమ్ముకోగలిగే ఆస్తి కూడా. అతని మీద ఇతర టీమ్‌లకు ఆశ ఉన్నప్పుడే వదిలించుకుని పనికొచ్చేవాణ్ణి తెచ్చుకుంటే హ్యూస్టన్ పుస్తకాల్లో అది లాభమే. కాబట్టి మీ పట్టికలో "ఎవరికి బదులుగా వెళ్లాడు" అన్న గడి ఒకటి తప్పకుండా ఉండాలి.

డబ్బు తేలాక మనిషిని చూడండి. మధ్య రౌండుకి జారినవాడిలో ఏదో ఒక లోపం ఉండే ఉంటుంది. అది మరమ్మతు చేయగలిగేదా అన్నదే ప్రశ్న. పిచర్ స్పెన్సర్ స్ట్రైడర్‌కి 2019లో మోచేతి ఆపరేషన్ అయింది, 2020 కాలేజీ సీజన్ కోవిడ్‌తో మధ్యలోనే ఆగిపోయింది. అట్లాంటాకు నాలుగో రౌండులో దొరికాడు. టారిక్ స్కూబల్‌కీ అదే ఆపరేషన్. డెట్రాయిట్ 2018లో తొమ్మిదో రౌండులో తీసుకుంది, 2024లో ఉత్తమ పిచర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు వచ్చింది. గాయం మానుతుంది. ఒడ్డూ పొడుగూ ఉండి, బ్యాట్ తిప్పిన సగం సార్లు బంతిని అందుకోలేని బ్యాటర్ మారడం కష్టం. కాలేజీలో వాడేది మెటల్ బ్యాట్ కాబట్టి, చెక్క బ్యాట్‌తో ఆడే కేప్ కాడ్ లాంటి వేసవి లీగ్‌లో అతను ఎన్నిసార్లు స్ట్రైకౌట్ (బంతిని కొట్టలేక ఔట్) అయ్యాడో చూడండి. ఆ ఒక్క అంకెకు నేను హోమ్ రన్‌ల కన్నా ఎక్కువ విలువిస్తాను.

ఆ మరమ్మతు చేసే చెయ్యి ఆ టీమ్‌కి ఉందా? క్లీవ్‌లాండ్ 2016లో ఆరన్ సివాలేని మూడో రౌండులో, షేన్ బీబర్‌ను నాలుగులో, జాక్ ప్లీసాక్‌ను పన్నెండులో తీసుకుంది. ముగ్గురూ కాలేజీ పిచర్లు, ముగ్గురూ మేజర్ లీగ్‌కి వచ్చారు. బీబర్ 2020లో సై యంగ్ గెలిచాడు. వేగం పెంచడం తమకు చేతనవుతుందని నమ్మిన టీమ్, అప్పటికే బంతిని గురిగా వేయడం వచ్చినవాళ్లను కొనుక్కుంది. అదే కుర్రాణ్ణి వేరే టీమ్ తీసుకుంటే నేను అన్ని మార్కులు వేయను. అందుకే మీ టీమ్ పాత డ్రాఫ్ట్‌లు నాలుగైదు తిరగేసి, ఎలాంటివాళ్లు ఎదిగారో, ఎలాంటివాళ్లు ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి. విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని తప్పించుకునే దారి లేదు.

పాత కథలతో మాత్రం జాగ్రత్త. తర్వాత దిగ్గజ బ్యాటర్ అయిన ఆల్బర్ట్ పుహోల్స్ 1999లో 13వ రౌండులో, 402వ పిక్‌గా వచ్చాడని కార్డినల్స్ స్కౌట్‌లను తెగ పొగుడుతారు. అతను ఏమవుతాడో నిజంగా తెలిసి ఉంటే వాళ్లు పన్నెండు రౌండ్లు ఎందుకు ఆగుతారు? అక్కడ పొగడాల్సింది చాలావరకు పుహోల్స్‌నే.

ఇక ఎప్పుడు మార్కులు వేయాలి? మొదటి ఏడాది అసలు వద్దు. తర్వాత గొప్ప పిచర్‌గా పేరు తెచ్చుకున్న జేకబ్ డిగ్రామ్ కాలేజీలో ఎక్కువగా షార్ట్‌స్టాప్‌గా (ఫీల్డర్‌గా) ఆడేవాడు. 2010లో మెట్స్ తొమ్మిదో రౌండులో పిచర్‌గా తీసుకుంది, వెంటనే మోచేతి ఆపరేషన్, 2011 అంతా ఆటే లేదు. మేజర్ లీగ్‌కి వచ్చింది 2014లో. రెండో ఏడాదే ఎవరైనా గ్రేడు ఇచ్చి ఉంటే సున్నా వేసేవాళ్లు.

మధ్యలో మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కి ముందు కుర్రాళ్లు మెట్టు మెట్టుగా ఎదిగే లీగ్‌లు) అంకెలు చూసేటప్పుడు పక్కనే వయసు రాసుకోండి. 22 ఏళ్ల కాలేజీ పిచర్ కింది మెట్టు సింగిల్-ఎలో కుర్రాళ్లను ఆడుకుంటే పెద్ద విశేషం కాదు. 19 ఏళ్లవాడు అక్కడ తట్టుకుని నిలబడితే విశేషమే. ఈఆర్‌ఏ (పిచర్ ఇచ్చిన పరుగుల సగటు), బ్యాటింగ్ యావరేజ్ పక్కన పెట్టి స్ట్రైకౌట్‌లు, వాక్‌లు (పిచర్ గురి తప్పితే బ్యాటర్‌కి ఉచితంగా దక్కే బేస్) చూడండి. పై మెట్టు డబుల్-ఎకి వచ్చాక ఆ రెండూ చెడకపోతే అప్పుడు ఆశ పెట్టుకోవచ్చు. నా వరకు నాలుగో రౌండు తర్వాత తీసుకున్నవాడు మేజర్ లీగ్‌లో బెంచి మీద రెండు సీజన్లు ఉన్నా ఆ పిక్ పాసైనట్టే.

తర్వాత నవంబర్‌లో టీమే తన గ్రేడు చెప్పేస్తుంది. కాలేజీ నుంచి వచ్చినవాణ్ణి సాధారణంగా నాలుగో సీజన్ తర్వాత, 18 ఏళ్లకే సైన్ చేసినవాణ్ణి ఐదో సీజన్ తర్వాత టీమ్ కాపాడుకునే 40 మంది జాబితాలో చేర్చాలి. లేకపోతే రూల్ 5 డ్రాఫ్ట్‌లో ఇంకో టీమ్ ఎత్తుకుపోవచ్చు. 2021లో తీసుకున్న కాలేజీ కుర్రాళ్లకు ఆ గడువు 2024లో, హైస్కూల్ వాళ్లకు 2025లో వచ్చింది. ఆ జాబితా పక్కన మీ పట్టిక పెట్టుకుని, మీరు మంచి మార్కులు వేసినవాళ్లలో టీమ్ ఎవరిని వదిలేసిందో టిక్కు పెట్టండి. వదిలేసినా ఎవరూ ఎత్తుకుపోకపోతే, మిగతా 29 టీమ్‌లూ అతనికి మీకంటే తక్కువ మార్కులే వేశాయన్నమాట.