స్పానిష్‌లో దారి చెప్పడం - 4: దెరేచా, దెరేచో గొడవ

పోయిన పాఠంలో తప్పు నాదే. అలసిపోయానని చెప్పడానికి మగవాళ్ళయితే 'ఎస్తోయ్ కన్సాదో', ఆడవాళ్ళయితే 'ఎస్తోయ్ కన్సాదా' అనాలని చెప్పి ఊరుకున్నాను. దాంతో అభ్యాసం పంపిన మగవాళ్ళలో చాలామంది కుడికి తిరగమనే చోట 'హీరా అ లా దెరేచో' అని రాశారు. ఒకాయన కారణం కూడా జతచేశాడు: "నేను మగవాణ్ణి కదండీ!"

కుడిఎడమలకి చెప్పేవాళ్ళతోనూ పనిలేదు, వినేవాళ్ళతోనూ లేదు. అక్కడ దాక్కున్న మాట 'మానో', అంటే చెయ్యి. ఓకారంతో ముగిసినా అది స్త్రీలింగమే: లా మానో దెరేచా, కుడిచెయ్యి. మనం 'ఎడంచేతి పక్కన కిరాణా కొట్టు' అంటామా, వాళ్ళూ అచ్చం అలాగే 'అ మానో ఇస్కియెర్దా' అంటారు. చెయ్యి మింగేస్తే 'అ లా ఇస్కియెర్దా', 'అ లా దెరేచా'. (మాడ్రిడ్ వాళ్ళు ఆ 'స'ని 'థ'లా పలుకుతారు. నా నోటికి 'స'యే అలవాటు.)

ఒట్టి లింగం తప్పయితే ఇంత గోల చెయ్యను. దెరేచోకి అర్థమే వేరు: తిన్నగా. మెక్సికోలో టాక్సీ ఎక్కి 'దెరేచో' అన్నారనుకోండి, కుడిపక్క మీ సందు కనిపిస్తుండగానే బండి తిన్నగా దాటిపోతుంది. మీరు కంగారుపడి 'దెరేచో, దెరేచో' అని అరిచినకొద్దీ ఇంకా తిన్నగా పోతుంది. అందుకే నేను ఆ మాట జోలికే పోను. 'తోదో రెక్తో' అంటాను, స్పెయిన్‌లో జనం అనేదీ అదే.

ఫలానా వీధి పట్టుకో అనడానికి స్పెయిన్‌లో 'కొహేర్' వాడతారు. మెక్సికో, అర్జెంటీనాల్లో అది బూతు. 'తోమార్' అనండి, పీడా పోతుంది.

అంకెలు, 'ఎస్తా'కీ 'ఐ'కీ (రెండూ 'ఉంది' అనేవే) తేడా మీకు వచ్చేసినట్టే లెక్క. మాడ్రిడ్‌లో పుయెర్తా దెల్ సోల్ దగ్గర నిలబడి ప్రాదో మ్యూజియానికి దారి చెబుదాం:

సీగె తోదో రెక్తో పోర్ లా కర్రేరా దె సన్ హెరోనిమో ఆస్తా లా ఫుయెంతె దె నెప్తూనో. క్రూసా ఎల్ పసేఓ ఇ హీరా అ లా దెరేచా. ఎల్ ముసేఓ ఎస్తా అ లా ఇస్కియెర్దా.

కర్రేరా దె సన్ హెరోనిమో అనే వీధి వెంట నెప్ట్యూన్ ఫౌంటెన్ దాకా తిన్నగా వెళ్ళి, పెద్ద రోడ్డు దాటి కుడికి తిరిగితే, ఎడంచేతి పక్కన మ్యూజియం.

అన్నట్టు, అభ్యాసం. ఇదే దారి వెనక్కి, మ్యూజియం నుంచి సోల్‌కి, ఒక పెద్దాయనకి చెప్పండి. కాబట్టి 'నువ్వు' అనేవాళ్ళకి చెప్పే సీగె, క్రూసా, హీరా కాదు. 'మీరు' అనేవాళ్ళకి చెప్పే సీగా, క్రూసె, హీరె. కాగితం మీద వద్దు. గదిలో కుర్చీని నెప్ట్యూన్ అనుకుని, పైకి చెబుతూ నడవండి, 'దెరేచా' అన్నప్పుడల్లా కుడిచెయ్యి ఎత్తండి. మాడ్రిడ్‌లో ఇళ్ళ నంబర్లు సోల్ వైపు నుంచి మొదలవుతాయి, అంటే మీ పెద్దాయనకి నంబర్లు తగ్గుతూ కనబడాలి. సోల్ నుంచి వెళ్ళేటప్పుడు ఎడంచేతి పక్కన పార్లమెంటు, దాని ముందు 2 కంచు సింహాలు ఉంటాయి. తిరిగి వచ్చేటప్పుడు అవి ఏ చేతి పక్కనో కూడా చెప్పాలి, స్పానిష్‌లోనే.