ఎయిర్ రైఫిల్ స్కోప్: చవకదా, ఖరీదైనదా? కొనేముందు ఇలా పరీక్షించండి

నెల్లూరులోనో ఒంగోలులోనో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలకు సాధన చేసే పిల్లలకు స్కోప్ (గన్ మీద బిగించే దుర్భిణి) కొనకండి. ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) పోటీల్లో అది చెల్లదు. సన్న రంధ్రం గుండా చూసే డయాప్టర్ సైట్‌తోనే కాల్చాలి. ఇక్కడ చెప్పేది తోటలో, వెనక గట్టి మట్టిదిబ్బ పెట్టుకుని, అట్ట టార్గెట్ కొట్టేవాళ్ల కోసం. పిట్టల మీదికి మాత్రం ఎత్తొద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది.

ముందు మీ గన్ ఏ రకమో చూసుకోండి. స్ప్రింగ్ గన్ (స్ప్రింగ్ పిస్టన్‌ను తోస్తే ఆ గాలితో పెల్లెట్ వెళ్లేది) పేలినప్పుడు మొదట వెనక్కి తంతుంది, పిస్టన్ చివరికి కొట్టుకోగానే ముందుకు కుదుపుతుంది. మామూలు తుపాకీ స్కోప్‌లు చాలావరకు వెనక్కి వచ్చే తన్నుకు తట్టుకునేలా చేసినవి. ఆ ముందు కుదుపుకు లోపలి అద్దాలు వదులవుతాయి. అందుకే ఎంత ఖరీదు పెట్టినా సరే, స్ప్రింగ్ గన్‌కు పనికొస్తుందని కంపెనీ రాసి ఉంటేనే తీసుకోండి.

తర్వాత పారలాక్స్, అంటే కన్ను జరిగితే గురి కూడా జరిగినట్టు కనిపించడం. గన్‌ను ఇసుక మూటల మీద కదలకుండా పెట్టి, 10 మీటర్ల టార్గెట్‌ను చూస్తూ తల మాత్రం అటూ ఇటూ జరపండి. అడ్డగీతలు టార్గెట్ మీద పాకుతుంటే ఆ దూరానికి అది సరిపోదు. 100 గజాలకు స్థిరంగా అమర్చిన స్కోప్‌లో, కన్ను అంచుకు జరిగితే 10 మీటర్ల దగ్గర గురి సెంటీమీటరు దాటి తప్పొచ్చు. 10 మీటర్లకు సర్దుకునే వీలున్న చవక స్కోప్, ఆ వీలు లేని ఖరీదైన దానికంటే మేలు.

ఖరీదుకు అసలు పరీక్ష క్లిక్కుల్లో ఉంది, అంటే గురి సర్దే మీటను తిప్పితే టక్‌మని పడే మెట్లలో. కాల్చకుండానే తేల్చవచ్చు:

1. గన్‌లో పెల్లెట్ లేకుండా చూసుకుని, కదలకుండా బిగించండి. స్కోప్ ముందు అద్దం నుంచి సరిగ్గా 10 మీటర్ల దూరంలో గ్రాఫ్ కాగితం అంటించండి.
2. అడ్డగీతలు కలిసే చోట చుక్క పెట్టించండి. క్లిక్కుకు పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) జరిగే స్కోప్‌లో 40 క్లిక్కులు పైకి తిప్పితే గురి 29 మి.మీ. జరగాలి.
3. 40 కుడికి, 40 కిందికి, 40 ఎడమకి. మళ్లీ మొదటి చుక్క మీదికే రావాలి.

2 మి.మీ. తేడా అంటే సుమారు మూడు క్లిక్కులు. అంత తేడా వస్తే తిప్పి ఇచ్చేయండి. మంచి స్కోప్‌కు పెట్టే డబ్బులో ఎక్కువ భాగం ఈ నమ్మకానికే. 24 రెట్లు అని డబ్బా మీద ముద్రించిన అంకెకు కాదు. 40 మి.మీ. అద్దంతో 24 రెట్లు పెంచితే కంటికి చేరే వెలుగు వెడల్పు 1.7 మి.మీ.కి పడిపోతుంది, 9 రెట్ల దగ్గర 4.4 ఉంటుంది. సాయంత్రం చూస్తే తేడా తెలిసిపోతుంది.

స్కోప్‌ను గన్‌కు పట్టి ఉంచే రింగుల దగ్గర పొదుపు వద్దు. చాలా ఎయిర్ గన్‌ల మీద రింగులు బిగించడానికి 11 మి.మీ. డవ్‌టెయిల్ గాడి ఉంటుంది. జారకుండా ఆపే పిన్ లేని రింగులు కుదుపులకు మెల్లగా జారిపోతాయి, గురి రోజుకోచోట తగులుతుంటే చాలామంది స్కోప్‌ను తిడతారు. మర బిగించేటప్పుడు ఒక్కటే పూర్తిగా తిప్పకుండా ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించండి, లేకపోతే గొట్టం నొక్కుకుపోతుంది.

మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి ముందు తుప్పు పట్టేవి మరలే. నెలకోసారి నూనె గుడ్డతో తుడవండి, అద్దాలకు మాత్రం నూనె తగలనివ్వొద్దు. ఏసీ గదిలోంచి బయటికి తెస్తే బయటి అద్దం మీద ఆవిరి పట్టడం మామూలే. అది లోపల కనిపిస్తే సీలు పోయినట్టు.

ఇంత చూసినా గుండ్లు చెల్లాచెదురుగా పడుతుంటే, స్కోప్ మార్చేముందు మూడు రకాల పెల్లెట్లు తలా ఐదు, పొద్దున్నే సముద్రపు గాలి లేవకముందు కాల్చి చూడండి.