గజల్ వినడం నేర్చుకుందాం – ఐదవ పాఠం: బేగం అఖ్తర్ గొంతులో కాఫియా, రదీఫ్

కిందటి పాఠం చివర ఉర్దూ కవి మోమిన్ ఖాన్ మోమిన్ గజల్ (రెండేసి పాదాల షేర్లతో సాగే కవిత) ఒకటి ఇచ్చి, దానిని గాయని బేగం అఖ్తర్ గొంతులో విని, కాఫియా (రదీఫ్ అనే మారని మాటలకు ముందు వచ్చే ప్రాస) ఏదో గుర్తించి, పాటలో ఆమె మధ్య మధ్య ఎందుకు ఆగుతారో కూడా రాయమని అడిగాను. వచ్చిన జవాబులలో ఎక్కువ భాగం తప్పాయి. అందులో నా బాధ్యత కూడా ఉంది: నాలుగవ పాఠంలో కాఫియాను మన అంత్యప్రాసతో పోల్చి అక్కడితో వదిలేశాను, ఆ పోలికే మిమ్మల్ని దారి తప్పించింది. అందువల్ల ఈసారి చెప్పదలచిన ఠుమ్రీ అంగాన్ని (ఠుమ్రీ అనే లలిత శాస్త్రీయ గానశైలి పోకడను) తరువాతి పాఠానికి జరిపి, తడబడిన చోటికే మళ్లీ వెళ్దాం.

మత్లా, అంటే మొదటి షేర్, ఇది:

వో జో హమ్ మే తుమ్ మే కరార్ థా, తుమ్హే యాద్ హో కె న యాద్ హో
వహీ యానీ వాదా నిబాహ్ కా, తుమ్హే యాద్ హో కె న యాద్ హో

రెండు పాదాల చివరా మార్పు లేకుండా వచ్చే "తుమ్హే యాద్ హో కె న యాద్ హో" (నీకు గుర్తుందో లేదో) రదీఫ్. దీనిని అందరూ సరిగానే పట్టుకున్నారు. కాఫియా దగ్గర మాత్రం చాలామంది "కరార్" అని రాశారు. అదే నిజమైతే రెండవ పాదంలో దానికి జతగా "నిబాహ్" నిలవాలి. కరార్‌కూ నిబాహ్‌కూ ప్రాస కుదరదు. రదీఫ్‌కు సరిగ్గా ముందున్న మాటలు "థా", "కా". వాటిలో కలిసేది ఆకారం ఒక్కటే, ఆ ఆకారమే ఇక్కడ కాఫియా. హల్లు కూడా కలిస్తే తప్ప ప్రాస అనడానికి మన చెవి ఒప్పుకోదు, ఎందుకంటే రెండవ అక్షరం హల్లును పట్టుకుని నడిచే పద్యాల మధ్య పెరిగిన చెవి అది. ఉర్దూలో దీర్ఘాచ్చు ఒక్కటి కలిసినా కాఫియా నిలుస్తుంది.

ఇంకొందరు మరో షేర్‌లో పడ్డారు:

వో నయే గిలే వో షికాయతే, వో మజే మజే కీ హికాయతే
వో హర్ ఏక్ బాత్ పె రూఠ్నా, తుమ్హే యాద్ హో కె న యాద్ హో

కొత్త కొత్త నిష్ఠూరాలు, ఫిర్యాదులు, రుచిగా చెప్పుకున్న కబుర్లు, ప్రతి మాటకూ అలగడం, ఇవన్నీ నీకు గుర్తున్నాయో లేదో అని భావం. "షికాయతే, హికాయతే" జంట చెవికి ఎంతో ఇంపుగా తగులుతుంది కనుక అదే కాఫియా అనుకున్నారు. మత్లా తప్ప మిగిలిన షేర్లలో పై పాదానికి కాఫియా నియమం లేదు. అక్కడ మోగిన ప్రాస కవి ఇష్టంగా తొడిగిన నగ. నియమం మోసేది కింది పాదం, అందులో రదీఫ్‌కు ముందున్న "రూఠ్నా". చివరి షేర్‌లో ఆ స్థానంలో కవి పేరుతో కలిసి "మోమిన్-ఎ-ముబ్తలా" వస్తుంది, అక్కడా ఆకారమే.

నేను ఎప్పుడూ పాటించే పద్ధతి ఒకటి చెబుతాను. కింది పాదాన్ని చివరి నుంచి వెనక్కి చదవాలి. మారని మాటలన్నిటినీ పెన్సిలుతో కొట్టేసుకుంటూ వస్తే, మొదట మారిన మాట దగ్గర పెన్సిలు ఆగుతుంది. కాఫియా ఉండేది అక్కడే. ముందు నుంచి చదివితే అందమైన మాటలు దారిలో అడ్డుపడతాయి.

ప్రతి షేర్ దేనికదే స్వతంత్రమని మీరు చెప్పారు కదా, ఇక్కడ అన్నీ ఒకే మాట మాట్లాడుతున్నాయేమిటని అడిగిన వారి ప్రశ్న సబబైనదే. ఇలా ఒకే భావం మీద సాగేదానిని ముసల్సల్ గజల్ అంటారు. నియమం చెప్పిన వెంటనే దానికి లొంగని గజల్‌ను అభ్యాసానికి ఇవ్వకుండా ఉండవలసింది.

ఇక నడక. గురులఘువులు తెలిసిన తెలుగువారికి ఈ గజల్ ఛందస్సు ఇట్టే పట్టుబడుతుంది. రెండు లఘువులు, ఒక గురువు, ఒక లఘువు, ఒక గురువు: ఈ గణం పాదానికి నాలుగు సార్లు వస్తుంది. "వో జో హమ్ మె తుమ్ | మె కరార్ థా | తుమ్హె యాద్ హో | కె న యాద్ హో". ఇక్కడ రెండు తేడాలు గుర్తుంచుకోవాలి. మనకు "రార్" అంతా కలిసి ఒక్క గురువే. ఉర్దూలో దీర్ఘం మీద మిగిలిన పొల్లు విడిగా ఒక లఘువవుతుంది. "తుమ్హే"లోని మ్హ మనకు సంయుక్తాక్షరం కనుక ముందున్న "తు" గురువు కావాలి. వారికి అది ఒకే హల్లు కనుక "తు" లఘువుగానే ఉంటుంది. "వో", "జో" వంటి చిన్న మాటల దీర్ఘాలు అవసరాన్ని బట్టి కుదించుకుపోవడం మీరు వింటూనే గ్రహించి ఉంటారు.

పాదం సరిగ్గా సగంలో విరుగుతుందని, ఆ విరుపు మీదనే కాఫియా నిలుస్తుందని ఇప్పుడు తెలుస్తుంది. గాయకురాలికి అది కవి ఇచ్చిన విడిది. గజల్ గానంలో పై పాదాన్ని రెండు మూడు సార్లు, ప్రతిసారీ స్వరం మార్చి, వినేవారిలో ఎదురుచూపు పుట్టేలా పాడతారు. కింది పాదంలో కాఫియా పలికిన క్షణాన సభకు రాబోయే మాట ముందే తెలిసిపోతుంది, రదీఫ్ ఎలాగూ మారదు కనుక. తెలిసిన ఆ మాటను ఎప్పుడు, ఏ స్వరం మీద దించుతారన్నదే మిగిలిన కుతూహలం. బేగం అఖ్తర్ హార్మోనియం తానే వాయించుకుంటూ పాడేవారు కనుక ఆ ఆగడం ఎంతసేపన్నది ఆమె వేళ్లలోనే ఉండేది. "రూఠ్నా" తరువాత వచ్చే ఆ చిన్న ఖాళీని వినండి. నాకు ఈ గజల్ మొత్తంలో అత్యంత ఇష్టమైన చోటు అదే.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టిన విషయం. ఆమె ఎందుకలా ఆగుతారని అడిగితే, చాలామంది ఆమె జీవితంలోని దుఃఖాలను ఏకరువు పెట్టారు. కవల సోదరి చిన్నతనంలోనే చనిపోయింది కనుక, పెళ్లి తరువాత పాట మానవలసి వచ్చింది కనుక ఆ గొంతులో ఆ వేదన ఉందన్నారు. ఈ అలవాటును ఇక్కడే తుంచేయాలి. ఈ మాటలు మోమిన్‌వి. ఆయన ఢిల్లీ కవి, బేగం అఖ్తర్ పుట్టడానికి 60 ఏళ్ల ముందే కన్నుమూశారు. గజల్‌లో "నేను" అనే ప్రేమికుడు కవి కూడా కాదు, తరతరాలుగా కవులందరూ పంచుకున్న ఒక పాత్ర. పాడేవారి బతుకును ఆ పాత్ర మీద కప్పితే కాఫియా వినబడదు, ఆగడం వినబడదు, మన జాలి ఒక్కటే మనకు వినిపిస్తుంది. తార స్వరానికి ఎగిరేటప్పుడు ఆమె గొంతు సన్నగా చిట్లేది, రసికులు దాని కోసమే కాచుకుని ఉండేవారు. దానిని కూడా ఏడుపు అని రాశారు. ఏ మాట మీద చిట్లిందో, ఏ స్వరం దగ్గర చిట్లిందో రాసినవారు ఒక్కరూ లేరు.

ఆమె జీవితం తెలుసుకోవద్దని దీనికి అర్థం కాదు. ఆ జీవితంలో గానానికి నేరుగా సంబంధించినవి ఏవో ఏరుకోవాలి. ఆమె 1914 అక్టోబర్ 7న ఫైజాబాద్‌లో పుట్టారు, తల్లి ముష్తరీ. తొలి గురువులలో ఒకరైన ఇమ్దాద్ ఖాన్ సారంగీ విద్వాంసుడు. గొంతును అంటిపెట్టుకుని నడిచే వాద్యం దగ్గర మొదలైన చదువది. తరువాత పటియాలాకు చెందిన అతా మొహమ్మద్ ఖాన్ వద్ద, కిరానా ఘరానాకు (గాన సంప్రదాయానికి) చెందిన అబ్దుల్ వహీద్ ఖాన్ వద్ద ఖయాల్ అనే హిందుస్తానీ శాస్త్రీయ గానరీతి నేర్చుకున్నారు. పటియాలా నుంచి వేగంగా మెరిసే తాన్ (స్వరాల వరుస), కిరానా నుంచి ఒక్కో స్వరాన్ని నిలబెట్టే ఓర్పు. మీరు దుఃఖం అని రాసిన ఆ ఆగడానికి మూలం వెతకాలంటే ఈ రెండవదాని దగ్గర వెతకండి.

1934 బీహార్ భూకంప బాధితుల సహాయం కోసం కలకత్తాలో జరిగిన కచేరీలో ఆమె పాడినప్పుడు, హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సరోజినీ నాయుడు సభలో ఉండి మెచ్చుకున్నారు. అప్పటికి ఆమె పేరు అఖ్తరీబాయి ఫైజాబాదీ. ఆ కాలంలో మెగాఫోన్ కంపెనీ ఆమె గ్రామఫోన్ రికార్డులు వేసింది. రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది కనుక పాదాలు తిరగేసి పాడే వెసులుబాటు తక్కువ. పాత రికార్డు విని "ఎక్కడా ఆగడం లేదే" అన్నవారికి సమాధానం ఇదే: ఆగడానికి పళ్లెంలో చోటు లేదు. సినిమాలలోనూ నటించారు, 1942 నాటి "రోటీ" వాటిలో ఒకటి. సినిమా పాటలను ఈ పాఠాలకు నేను వాడను.

1945లో లక్నో బారిస్టర్ ఇష్తియాక్ అహ్మద్ అబ్బాసీని పెళ్లాడాక దాదాపు ఐదేళ్లు ఆమె బహిరంగంగా పాడలేదు. 1949లో లక్నో రేడియో కేంద్రంలో మళ్లీ పాడారు. ఆ తరువాత లోకం ఆమెను బేగం అఖ్తర్‌గా ఎరిగింది. వినే చెవికి ఇక్కడ పనికొచ్చే సంగతి ఏమిటంటే, పాట నవాబుల, జమీందారుల మెహఫిల్‌ల (ఆంతరంగిక కచేరీల) నుంచి రేడియో మైకు ముందుకు, టిక్కెట్టు కచేరీ వేదిక మీదకు వచ్చింది. మైకు ముందు గొంతు పెంచనక్కరలేదు, మాటను చెవి దగ్గర చెప్పినట్టు చెప్పవచ్చు. ఆమె ఉచ్చారణలో ప్రతి అక్షరం విడిగా తెలియడం మీరు గమనించే ఉంటారు. 1968లో పద్మశ్రీ, 1972లో సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చాయి. 1974 అక్టోబర్ 30న అహ్మదాబాద్‌లో కన్నుమూశారు. లక్నోలో తల్లి సమాధి పక్కనే ఆమెది కూడా ఉంది.

ఇక అభ్యాసం. ఈ గజల్‌ను కచేరీ రికార్డింగులోనే వినండి. మొదటిసారి కాగితం పెట్టుకోకుండా వినండి. రెండవసారి పై పాదం ఎన్నిసార్లు తిరిగి వచ్చిందో, ఎన్నవసారి తరువాత కింది పాదంలోకి దిగారో షేర్‌కు షేర్‌గా రాయండి. మూడవసారి రదీఫ్ దగ్గర ఆగిన చోట్లు మాత్రమే గుర్తించండి.

ఆ తరువాత అసలు పని. అదే గణాల నడకలో నేను తెలుగులో ఒక కింది పాదం కట్టాను:

ప్రతి మాటకూ అలిగేవుగా, గురుతున్నదో మరపైనదో

రదీఫ్ "గురుతున్నదో మరపైనదో". కాఫియా "అలిగేవుగా"లోని ఆకారం. దీనికి పై పాదం మీరు రాయండి. తరువాత ఇదే కాఫియా, ఇదే రదీఫ్‌తో సొంతంగా ఒక మత్లా రాయండి. అందులో రెండు పాదాలూ నియమం పాటించాలి. ప్రతి పాదం కింద గురులఘువులు గుర్తించి పంపండి, అవి లేని జవాబులు చూడను. మీ పాదాన్ని పైకి చదివి, సగం దగ్గర ఊపిరి ఆగేది కాఫియా మీదేనా కాదా చూసుకున్న తరువాతే పంపండి.