పాత మంగలికత్తి దొరికితే ముందు మెడ మీది ముద్ర చదవండి

మా తాత పొది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. తోలుతో కుట్టిన సంచి. లోపల ఒక కత్తెర, గోళ్లు తీసే చిన్న ఉలి, అరచేతిలో పట్టేంత సాన, రెండు కత్తులు. ఒక కత్తి ఊరి కమ్మరి కొట్టింది. రెండోదాని మెడ మీద, అంటే పదును ముగిసి పిడి మొదలయ్యే చోట, ఒక నక్షత్రం, దాని పక్కన శిలువ, కింద షెఫీల్డ్ అన్న ఇంగ్లిషు అక్షరాలు. అది జోసెఫ్ రాజర్స్ కంపెనీ గుర్తు. ఇంగ్లండులో పుట్టిన కత్తి పరకాల పక్క ఊళ్లో ఒక మంగలి పొదిలోకి ఎట్లా వచ్చిందో తాత చెప్పలేదు, బతికి ఉండగా నేను అడగలేదు. కాజీపేట డీజిల్ షెడ్‌లో ఫిట్టర్‌గా రిటైరయ్యాక ఈ కత్తుల వెంట పడ్డాను. ఇప్పుడు నా దగ్గర నలభైకి పైగా ఉన్నాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తరచూ అడిగే సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది, ఎక్కడ వెతకాలి. 1990లలో ఎయిడ్స్ భయం వచ్చాక సెలూన్లన్నీ బ్లేడు సగం విరిచి పెట్టుకునే ఉస్తరాలకు మారాయి. నూరుకునే కత్తులు ఒక్కసారిగా అటకెక్కాయి. అందుకే మంచి కత్తులు దుకాణాల్లో కాదు, ఇళ్లల్లో ఉన్నాయి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత, గురువారం జుమ్మేరాత్ బజార్ తిరగండి, తప్పు లేదు. వరంగల్‌లో పాత సామాన్ల దుకాణాల వాళ్లకు మీ నంబర్ ఇచ్చి పెట్టండి, ఇత్తడి తూకంలో, బ్లేడు వేసుకునే గిల్లెట్ కంపెనీ రేజర్లు వస్తుంటాయి. కానీ పొది దొరకాలంటే ఊళ్లోకి పోవాలి, అరుగు మీద కూర్చోవాలి, చాయ్ తాగాలి. ధర మాట ముందు ఎత్తకండి.

జగిత్యాల దగ్గర ఒక ఊళ్లో ఒక అవ్వ బియ్యం డబ్బా వెనక నుంచి గుడ్డ మూట తీసింది.

"ఈ జంగు పట్టిన ఇనుము నీకెందుకు బిడ్డా?"

"దీంతోని తాత ఎవరెవరికి పనిచేసిండో చెప్పవ్వా, రాసుకుంట."

"పెండ్లికొడుకులకు పట్టిన కత్తిది. వేరే దినాల్ల ముట్టకపోతుండె. మమ్ముల గూడ ముట్టనియ్యకపోతుండె."

ఆ మాట లేకపోతే అది జర్మనీలోని సోలింగెన్ ఊళ్లో చేసిన ఉత్త కత్తి. అవ్వ అడిగింది మూడు వందలు. నేను వెయ్యి ఇచ్చాను. ఆమెకు దాని విలువ తెలియదని తక్కువకు తీసుకోవడం నాకు ఇష్టం లేదు. మీరు కూడా అట్లా తీసుకోకండి.

ఇక కత్తి చేతికి రాగానే ఏం చూడాలి. వెలుతురుకు ఎదురుగా నిలబడి, పదును అంచు కంటికి సూటిగా వచ్చేట్టు పట్టుకోండి. మంచి అంచు కనిపించదు. మొద్దుబారిన చోట, తెగిన చోట తెల్లగా మెరుస్తుంది. చిన్న గంట్లయితే నూరితే పోతాయి. అంచు నుంచి పైకి పాకిన పగులు ఉంటే మాత్రం పోదు, ఆ కత్తి చూసుకోవడానికే. తర్వాత వెనుక వీపు చూడండి. నూరేటప్పుడు వీపు, అంచు రెండూ సాన మీద ఆనాలి కాబట్టి ఏళ్ల తరబడి వాడిన కత్తికి వీపు మీద చదునైన పట్టీ పడుతుంది. అది సన్నగా, రెండు వైపులా సమంగా ఉంటే కత్తి తెలిసిన చేతిలో బతికిందని అర్థం. ఒక వైపు వెడల్పుగా, ఒక వైపు సన్నగా ఉంటే తెలియని వాళ్లెవరో సాన మీద అడ్డంగా రుద్దారు. ఈ కత్తుల వెడల్పును ఇంచిలో ఎనిమిదో వంతుల లెక్కన చెప్తారు. ఐదు, ఆరు వంతులవి మామూలు. ఏడు, ఎనిమిది వంతులున్న బరువైన పాత షెఫీల్డ్ కత్తి దొరికితే వదలకండి.

ఇంకో పరీక్ష గోటితో. అంచు మీద గోరు అస్సలు పెట్టొద్దు. వీపు దగ్గర పట్టుకుని కత్తి చదునును పక్క నుంచి మెల్లగా మీటండి. రెండు వైపులా లోతుగా తొలిచిన పలుచని కత్తి సన్నగా మోగుతుంది. మోగకుండా మూగగా ఉంటే అది చీలిక లాంటి మందపు కత్తి, అంటే పాత పద్ధతిది.

ముద్రలు చదవడం అసలు పని. పది రూపాయల భూతద్దం చాలు. అమెరికా 1890లో తెచ్చిన సుంకం చట్టం దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండి తీరాలని చెప్పింది. అప్పటి నుంచి ఎగుమతి చేసేవాళ్లు ఇంగ్లండ్, జర్మనీ అని కొట్టడం మామూలైంది. ఊరి పేరు మాత్రమే ఉండి దేశం పేరు లేకపోతే అది అంతకు ముందుదయ్యే అవకాశం ఎక్కువ. రుజువు అనను, ఆనవాలు అంటాను. సోలింగెన్ పేరుకు 1938లో జర్మనీ చట్టం రక్షణ ఇచ్చింది, అంటే అక్కడ చేసిన కత్తుల మీదే ఆ పేరు కొట్టాలి.

కొన్ని షెఫీల్డ్ కత్తుల మీద సిల్వర్ స్టీల్ అని ఉంటుంది. దాన్ని చూసి వెండి ధర కట్టకండి. కానీ ఆ మాట వెనక మన గడ్డ కథ ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కును పర్షియా వ్యాపారులు వచ్చి కొనుక్కుపోయేవారు. 1820లలో హెన్రీ వాయిసీ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ కొలుములను చూసి రాసిపెట్టాడు. ఊట్జ్ అని బయటి ప్రపంచం పిలిచిన మన దేశపు ఉక్కు ఇదే. ఆ ఊట్జ్‌ను లండన్‌లో పరీక్షించి, అట్లాంటి ఉక్కు తామూ చేయాలని శాస్త్రవేత్త మైకేల్ ఫారడే, కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్ కలిసి ఉక్కులో రకరకాల లోహాలు కలిపి చూశారు. ఐదు వందల వంతుల్లో ఒక వంతు వెండి కలిపితే బాగుందని తేల్చారు. తాము చేసిన ఉక్కుతో రేజర్లు చేయించి ఫారడే మిత్రులకు ఇచ్చాడు కూడా. తర్వాత షెఫీల్డ్ వాళ్లు ఆ పేరును ముద్రగా వాడుకున్నారు. సిల్వర్ స్టీల్ కత్తి చేతిలో పట్టుకున్నప్పుడల్లా నాకు కోనసముద్రం గుర్తొస్తుంది.

బ్లేడు వేసుకునే రేజర్లలో గిల్లెట్‌తో మొదలుపెట్టండి. 1903లో ఆ కంపెనీ అమ్మింది 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. ఆ కాలపు మూడు ముక్కల పాత రకం కొనేటప్పుడు కాడ గొట్టం నిలువునా వెంట్రుకవాసి పగిలిందేమో చూడండి, ఆ రకానికి అది మామూలు జబ్బు. తలకాయ పళ్లు వంగకూడదు. 1951 నుంచి అమెరికాలో చేసినవాటి మీద ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. అక్షరం ఏడాది, అంకె మూడు నెలల భాగం. డబ్ల్యూ అంటే 1951, జెడ్ అంటే 1954, మళ్లీ ఏ అంటే 1955. ఈ4 అని ఉంటే 1959 ఆఖరి మూడు నెలలు. పూత పోయిన చోట పసుపు కనిపిస్తే ఇత్తడి, కొనొచ్చు. బూడిద రంగు పొడి రాలితే వదిలేయండి.

రైల్వే క్వార్టర్లు ఖాళీ చేసేటప్పుడు ట్రంకు పెట్టెల్లోంచి రోల్స్ రేజర్, అంటే తన డబ్బాలోనే నూరుకునే కత్తి, బయటపడుతుంటుంది. ఒక మూతలో సాన, ఇంకో మూతలో తోలు, మధ్యలో పిడి పట్టుకుని అటూ ఇటూ తోస్తే కత్తి తిరగబడుతూ టకటకమంటుంది. సాన పగలకుండా ఉందా లేదా అన్నదే అక్కడ ధర.

శుభ్రం చేసే దగ్గరే ఎక్కువ కత్తులు పాడవుతాయి. నా మొదటి షెఫీల్డ్ కత్తిని జంగు తీయమని ఒక నూరే దుకాణంలో ఇచ్చాను. సాయంత్రానికి అద్దంలా మెరుస్తూ వచ్చింది. మెడ మీద ముద్ర లేదు. చక్రం కింద అరిగిపోయింది. అది ఎవరి కత్తో, ఎప్పటిదో ఇక ఎవరూ చెప్పలేరు. ఆ రోజు నుంచి కరెంటు చక్రానికి నా కత్తి ఇవ్వలేదు. మిషన్ నూనె రాసి రెండు రోజులు ఉంచండి, అత్యంత మెత్తని ఉక్కు ఉన్నితో చేత్తో రుద్దండి, నల్లటి మరకలు మిగిలితే మిగలనివ్వండి. బంగారు పూత గిల్లెట్‌కు గిన్నెల సబ్బు, పాత పళ్ల బ్రష్షు చాలు. ఇత్తడి పాలిష్ తగిలితే పూత లేచిపోతుంది.

పిడి ఏనుగు దంతమని చెప్తే కొనకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. ఎక్కువసార్లు అది సెల్యులాయిడే. సెల్యులాయిడ్ పిడి కర్పూరం వాసనేస్తూ చెమ్మగిల్లితే ఆ కత్తిని వేరుగా పెట్టండి. దాని ఆవిరికి పక్క కత్తులు కూడా జంగు పడతాయి, నిప్పు దగ్గరైతే భగ్గుమంటుంది. దాచేటప్పుడు తోలు సంచిలో పెట్టకండి, తోలు చెమ్మ పీలుస్తుంది. కొబ్బరినూనె వద్దు. నేను మిషన్ నూనె పలుచగా రాసి నూలుగుడ్డలో చుట్టి రేకు డబ్బాలో పెడతాను.

ప్రతి కత్తికీ నోటుపుస్తకంలో ఒక పేజీ: ముద్ర, వెడల్పు, ఊరు, ఎవరు ఇచ్చారు, ఎవరికి వాడారు. కొనేటప్పుడే ఆ ఇంటివాళ్లకు ఒక మాట చెప్తాను, మనుమడో మనుమరాలో ఎప్పుడైనా అడిగితే ఇచ్చిన ధరకే తిరిగి ఇస్తానని. ఇప్పటికి రెండు అట్లా వెళ్లిపోయాయి. ఒకటి హుజూరాబాద్‌కు, ఒకటి జగిత్యాల అవ్వ మనుమడి పెండ్లికి.