ఫ్రాంచైజీకి అడ్వాన్స్ కట్టే ముందు పద్నాలుగు రోజులు ఆగండి

మొన్న కావలి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఒక కంపెనీ పేరు మీద మనం నడుపుకునే టీ షాపు ఫ్రాంచైజీ మాట్లాడుకున్నా. రేపు సాయంత్రంలోగా లక్ష టోకెన్ కట్టకపోతే కావలిని వేరేవాళ్లకి ఇచ్చేస్తారంట." నాకు గుండె ఝల్లుమంది. ఆరేళ్ల కిందట నెల్లూరు వేదాయపాళెంలో మేమూ ఇట్లాగే తొందరపడ్డాం. "ఒక్క రూపాయి కూడా పంపొద్దు నాయనా" అన్నాను. ఆ రాత్రి వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నా.

మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం లాంటివే దిక్కు. అమెరికాలో అయితే కంపెనీ 23 అంశాలతో వివరాల పత్రం చేతికిచ్చి, 14 రోజులు గడిచాకే సంతకమైనా డబ్బైనా తీసుకోవాలి. ఇక్కడి చట్టం మనకా గడువు ఇవ్వదు కాబట్టి మనమే పెట్టుకోవాలి. ఈలోగా వేరేవాళ్లకి ఇచ్చేస్తామంటే ఇచ్చుకోనీయండి.

ఆ పత్రంలో ఉండే వివరాలు మీరే ఈమెయిల్‌లో అడగండి. ఫోన్లో చెప్పిన మాటకు రేపు సాక్ష్యం ఉండదు. నడుస్తున్న అంగళ్ల జాబితా ఒక్కటే తీసుకుని ఊరుకోకండి. గత మూడేళ్లలో మూతపడ్డవి ఎన్ని, వాటి ఓనర్ల నంబర్లు ఏవి అని అడగండి. మాకు చూపించింది బాగా బేరం సాగే రెండు అంగళ్లే. మూసేసిన ఆయనతో ఒక అరగంట మాట్లాడి ఉంటే మేం ఆ సంతకం పెట్టేవాళ్లం కాదు.

తర్వాత పేరు ఎవరిదో చూడండి. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్లో ఉచితంగా వెతకొచ్చు. బోర్డు మీద 'టీఎం' అని ఎవరైనా రాసుకోవచ్చు. సున్నాలో 'ఆర్' మాత్రం రిజిస్టర్ అయితేనే పెట్టాలి. దరఖాస్తు మీద అభ్యంతరం ఉందని కనబడితే, ఇంకా వాళ్లకే ఖాయం కాని పేరుకు మీరు లక్షలు కడుతున్నట్టు.

మమ్మల్ని ముంచింది ఏరియా మాట. "మీ చుట్టుపక్కల ఇంకోటి ఇవ్వం మేడమ్" అని నోటితో అన్నారు. 38 పేజీల ఇంగ్లీషు అగ్రిమెంట్లో ఆ ముక్క ఎక్కడా లేదు. పది నెలలకు అయ్యప్పగుడి సెంటర్లో అదే బోర్డు లేచింది. మా సాయంత్రం బేరం సగానికి పడింది. అందుకే ఎన్ని కిలోమీటర్లు, ఎన్నేళ్లు అన్నది అంకెల్లో రాయించండి. ఆన్‌లైన్ డెలివరీకి కూడా అదే హద్దు వర్తిస్తుందని చేర్పించండి.

రాయల్టీ, అంటే పేరు వాడుకున్నందుకు కంపెనీకి కట్టే వాటా, మామూలుగా లాభం మీద కాదు, అమ్మకం మీద. రోజుకు 8 వేల బేరమైతే నెలకు 2,40,000. ఆరు శాతం అంటే 14,400. దాని మీద 18 శాతం జీఎస్టీ 2,592. మొత్తం 16,992. మనం 5 శాతం జీఎస్టీ కింద నడిపే చిన్న హోటల్ అయితే ఆ పన్ను తిరిగి రాదు. బాడుగ, కరెంటు, పనివాళ్ల జీతాలు దీనికి వేరే. టీపొడి, కప్పులు వాళ్ల దగ్గరే కొనాలంటే ధర ఎంతవరకు పెంచొచ్చో కూడా అడగండి.

బయటికొచ్చే దారి సంతకానికి ముందే చూసుకోవాలి. డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు? తగవు వస్తే ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బదులు మధ్యవర్తి దగ్గర తేల్చుకోవడం, ఏ ఊర్లో? మాకు బెంగళూరు అని రాసుంది, ఒక్కో వాయిదాకు రైలు, లాడ్జి, వకీలు. నెల్లూరు కాకపోతే కనీసం విజయవాడ అనండి. "ఒప్పందం అయిపోయాక మూడేళ్లు టీ అంగడి పెట్టకూడదు" అనే షరతు చూసి భయపడకండి. కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ వల్ల అలాంటిది సాధారణంగా కోర్టులో నిలవదు. ఒప్పందం నడుస్తున్నప్పుడు పెట్టే కట్టడి మాత్రం చెల్లుతుందని 1995లో కోకాకోలా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

"మేం ఫ్రాంచైజీ కంపెనీల అసోసియేషన్ మెంబర్లం" అంటే మంచిదే, ఆ సంఘం నియమావళి ఉంటే కాపీ అడగండి. అయితే సంఘం కట్టుబాటు మెంబర్లకే, అదీ వాళ్లు ఉన్నంతవరకే. ఆస్ట్రేలియాలో 1993లో ఫ్రాంచైజీలకు ఇష్టమైనవాళ్లు పాటించే నియమావళి పెట్టి చూశారు, నిలబడలేదు. 1998లో అందరికీ తప్పనిసరి చేశారు. మన దగ్గరా అట్లాంటిది రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నా. అంతవరకు ఆ నియమాల్లో మనకు కావలసినవి అగ్రిమెంట్లోకే ఎక్కించుకోవాలి. అగ్రిమెంటు కాపీని మన వకీలు చదవాలి, కంపెనీ వకీలు కాదు.

తమ్ముడు టోకెన్ కట్టలేదు. జాబితా కోసం ఈమెయిల్ పెట్టాడు. ఒంగోలులో అదే బ్రాండు అంగడి మూసేసిన ఒకాయన మాట్లాడతానన్నాడు. శనివారం పొద్దున బస్సుకి ఇద్దరం వెళ్తున్నాం.